రెండో గొంతు

మార్గశిర శుద్ధ తదియ. తూర్పు గాలి.

ప్రభుత్వం ఇచ్చిన ఈ పలక చెప్పమంది కాబట్టి చెబుతున్నా. ఈ చెప్పేదాని పేరు 'ఇంటి మాస్టారి దినచర్య' అంట. రోజూ దాని ముందు కూర్చుని పిల్లకి ఏం చెప్పానో, పిల్ల ఏం నేర్చుకుందో నోటితో చెబితే అదే రాసుకుని గట్టు మీద ఆఫీసుకి పంపుతది. అక్కడ చదివేదెవరో నాకు తెలీదు. ఎవరైనా సరే, నమస్కారం. చదవకపోయినా నమస్కారమే, నాదేం పోయింది.

నా పేరు ఓలేటి నాంచారయ్య. వయసు యాభై దాటి చాలా దూరం వచ్చింది. చదువు ఏడో క్లాసు, పల్లెటూరి బడి. అప్పట్లో బడి నేల మీద ఉండేది. ఊరు కూడా నేల మీదే ఉండేది. ఇప్పుడా ఊరు సరిగ్గా మా తెప్ప ఇంటి కింద, నీళ్ళ అడుగున ఉంది. ఎప్పుడన్నా గాలం వేస్తే పెంకు ముక్క తగులుకుంటది. ఎవరింటిదో అని తిప్పి చూసి మళ్ళీ నీళ్ళలోనే వేసేస్తాం. వాళ్ళ సొత్తు మనకెందుకు.

పిల్ల పేరు అంకాలు. నా కూతురు నాగమల్లి కూతురు. వాళ్ళ నాన్న దూరం పడవల్లో వేటకి పోయి ఎప్పుడో గానీ రాడు. అంకాలు ఏడు చదువుతోంది. బడి పడవ వారానికోసారి వచ్చి పోతది. మిగతా రోజులు ఇల్లే బడి, తాతే మాస్టారు. వచ్చే అమాసకి గీత పరీక్ష. దేశం మొత్తం ఒకే రోజు, ఒకే ప్రశ్నలు, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని రాయాలి. గీతకి పైనుంటే ఎనిమిదో క్లాసు. కిందుంటే నాచు కోత. చదువు లేని పిల్లలు ఖాళీగా తిరిగి చెడిపోకూడదని ప్రభుత్వమే పని ఇస్తది. మంచి మనసే, కాదనను.

నాగమల్లిది ఆ పనే. గీత కిందకి వచ్చిన ఏడాది నుంచీ కోస్తానే ఉంది. ఉప్పుకీ నాచు జిగురుకీ చేతులు చీలికలు చీలికలై, అన్నం కలిపితే మంట పుడతది. అందుకని చెంచాతో తింటది. దొరసానిలాగా తింటన్నావేంటే అని నేను ఏడిపిస్తా. నవ్వుతది. నిన్న మాత్రం నవ్వలేదు.

"నాన్నా, దానికి చెంచా అలవాటు చెయ్యమాక," అంది.

అంతే అంది. నాకు అర్థమైంది. మీక్కూడా అర్థమయ్యే ఉంటది.


పంచమి.

ఈ రోజు లెక్కలు. పలక అడిగిన ప్రశ్న: ముప్పై అడుగుల బావిలో ఒక కప్ప ఉంది. పగలు మూడడుగులు ఎక్కుతుంది, రాత్రి రెండడుగులు జారుతుంది. ఎన్నో రోజున బయటికి వస్తుంది?

నేను చదువుకున్నప్పుడూ ఇదే కప్ప. పాపం, ఇంకా బయటపడలేదన్నమాట.

"బావి అంటే ఏంటి తాతా?"

"నేలలో తవ్విన గొయ్యి. అడుగున మంచినీళ్ళు ఉంటాయి."

"మంచినీళ్ళా? తాగేయా?"

"తాగేయే."

"మరి దానికేం రోగం, బయటికి రావడానికి?"

ముప్పై అడుగుల మంచినీళ్ళ గొయ్యి మా దగ్గరుంటే మేమందరం అందులో దూకి పైన మూత పెట్టుకునేవాళ్ళం. సరేలే, కప్పకి పైన చుట్టాలున్నారనుకో అన్నా. పిల్ల తల ఊపి లెక్క చేసేసింది. ఇరవై ఎనిమిదో రోజు. ఒప్పే. లెక్క దానికి వచ్చు. కప్ప సంగతే రాలేదు.

తర్వాత ప్రశ్న: సావిత్రి ఇంటికీ బడికీ మధ్య దూరం రెండు కిలోమీటర్లు. ఆమె గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంతో నడిస్తే ఎంతసేపు పడుతుంది?

అంకాలు చెయ్యెత్తింది. "పోటులోనా, పాటులోనా?"

గట్టు మీదుండే మీకు చెప్పాలి. మా ఇళ్ళు తాళ్ళకి కట్టుంటాయి. సముద్రం పోటు మీదున్నప్పుడు ఒక పక్కకి లాగుతాయి, పాటుకి తీసినప్పుడు ఇంకో పక్కకి తిరుగుతాయి. పక్కింటి మంగతాయి పొద్దున్నపూట అరిస్తే గానీ వినపడదు. సాయంత్రానికి వాళ్ళ పులుసులో చింతపండు ఎక్కువైందో తక్కువైందో ఇక్కణ్ణుంచే చెప్పొచ్చు. ఇక్కడ పుట్టిన పిల్లకి దూరం అంటే రెండుంటాయి. అందుకని రెండు జవాబులు రాసింది, పోటుకొకటి, పాటుకొకటి. పలక రెండోది తీసుకోలేదు. గడి ఒకటే ఉందంట.

మూడోది: వాన వస్తే నువ్వు ఏం చేస్తావు? గొడుగు వేసుకుంటావా, ఇంట్లోకి పరిగెత్తుతావా, చెట్టు కింద నిలబడతావా, బడికి సెలవు పెడతావా?

పిల్ల నాలుగూ చదివింది. మళ్ళీ చదివింది. "బిందెలు బయట పెట్టడం లేదేంటి తాతా?"

"అది వాళ్ళకి తట్టలేదమ్మా."

"మరి తాగడానికి?"

"బావి ఉందిగా."

"కప్ప ఉన్న బావా?"

ఇవాళ్టికి చదువు ఇక్కడితో ఆపేశాం.


అష్టమి.

ఆలోచించి ఒక ఆట కనిపెట్టా. దీని పేరు గట్టు ఆట. పలక వెలిగిందంటే అంకాలు అంకాలు కాదు, గట్టు మీద పుట్టిన పిల్ల. నీళ్ళంటే బిందెలో ఉండేవి, చేపంటే కూరలో ఉండేది. ఇల్లు ఎక్కడ పెట్టింది అక్కడే ఉంటది.

"ముందు కదలకుండా నిలబడు. నేల ఊగదు."

నిలబడింది. కాసేపటికి తూలింది. "కళ్ళు తిరుగుతన్నాయి తాతా. ఊగని దాని మీద ఎట్టా నిలబడతారు వాళ్ళు? పడిపోరా?"

"పడతారు. అందుకే అక్కడ ఎముకల డాక్టర్లు ఎక్కువ."

నేను చెప్పేదంతా నా చిన్నప్పటి సరుకు. పొలం ఎట్టా ఉంటది, కంచె ఎందుకు వేస్తారు, రైలు పట్టాలు రెండెందుకు, ఎడ్లబండికి కందెన ఎక్కడ రాస్తారు. పలక ప్రశ్నలన్నీ అవే. తయారు చేసిన పెద్దమనిషి నా ఈడు వాడే అయ్యుంటాడు. వాడూ నేనూ అదే బళ్ళో వెనక బెంచీ మీద కూర్చున్నామేమో కూడా.

పిల్ల చురుకు. అందుకుంది. మార్కులు గీత మీదకి ఎక్కాయి.


దశమి. మధ్యాహ్నం వాన.

చెప్పకూడదేమో గానీ చెబుతున్నా. మధ్యాహ్నం మేం గట్టు ఆటలో ఉండగా చినుకులు మొదలయ్యాయి. నాగమల్లి అప్పుడే పని నుంచి వచ్చి, పడవలోంచే "అంకాలూ, బిందెలు!" అని అరిచింది. అంకాలు లేచింది. లేచి ఇంట్లోకి పరిగెత్తి మూల నిలబడింది.

ఊరంతా బయట, మా పిల్ల లోపల. నేను పరిగెత్తి రెండు బిందెలు పెట్టేసరికి వాన వెలిసింది. అడుగు తడిసింది అంతే. ఆ గుక్కెడు నాగమల్లి పిల్లకే పోసింది.

"గట్టమ్మాయిని చేశావు నాన్నా," అని నవ్వింది.

"నువ్వు చెయ్యమన్నదేగా."

"చెయ్యి చెయ్యి," అంది. ఆ మాట అన్నప్పుడు నవ్వు లేదు.

సాయంత్రం అంకాలు నా పక్కన చేరి అడిగింది. "తాతా, పలకకి జవాబు చెప్పేటప్పుడు నేను అబద్ధం చెబుతున్నట్టేనా?"

"అబద్ధం కాదమ్మా. వేరేవాళ్ళ నిజం."

ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మాట. చెప్పాక నాకే ముచ్చటేసింది. పిల్లకి మాత్రం వెయ్యలేదు.


పున్నమి. పెద్ద పోటు.

పరీక్ష నియమాలు పలక చదివి వినిపించింది. ఆడగొంతు, తేనె పోసినట్టుంది.

పరీక్ష సమయంలో ఇంట్లో రెండో గొంతు వినపడరాదు. ఇంటి మాస్టారు పలకకి కనపడేటట్టు ఎదురుగా కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి. తుమ్ముకి మినహాయింపు ఉంది. దగ్గుకి ఉంది. డబ్బా చప్పుడుకీ, ముక్కూమొహం తెలియనివాడి కేకకీ కూడా ఉంది. ఊళ్ళోవాళ్ళ మాటకి లేదు. రాసే పిల్ల నోరు తెరిచినా అంతే, పక్కింటికి జవాబు అందిస్తున్నట్టు లెక్క. గొంతు వినపడిందా, పేపరు మూసేస్తది.

కిందటి నెల ఊళ్ళో ప్రతివాడి చేతా పలక ముందు 'నేను నిజాయితీపరుణ్ణి' అని మూడుసార్లు ఎందుకు చెప్పించారో ఇప్పుడు తెలిసింది. మా గొంతులన్నీ దాంట్లో ఉన్నాయి. మూడోసారికి మంగతాయి గొంతు కాస్త వణికింది గానీ, అది ఆమె సొంత విషయం.

ఇంతవరకు నాకు అభ్యంతరం లేదు. నోరు మూసుకోవడం నా పెళ్ళినాడే నేర్చుకున్నా. ఇబ్బంది వేరే ఉంది. పరీక్ష అమాస మార్గశిరంలో వచ్చింది. అంటే మంచు.

మంచు దిగితే ఇక్కడ చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు. కొనగలిగినవాళ్ళ పడవలకి దారి చెప్పే యంత్రాలుంటాయి. మావాళ్ళకి చెవులుంటాయి. దారి తప్పినవాడు 'ఎవరన్నా ఉన్నారా?' అని కేకేస్తాడు. వినపడిన ప్రతి ఇల్లూ 'ఉన్నాం!' అనాలి. ఒకళ్ళు అనగానే పక్కిల్లు, దాని పక్కిల్లు, అట్టా వరస చివరిదాకా. ఆ గొంతుల్ని బట్టే వాడికి ఊరు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో తెలుస్తది. నోట్లో ముద్దుంటే ఊసి పలకాలి. మొగుడూ పెళ్ళాం కొట్టుకుంటుంటే ఆపి, పలికి, మళ్ళీ మొదలెట్టుకోవాలి. పిలిచినవాడు శత్రువైనా సరే. ముందు ఒడ్డున పడనిచ్చి ఆ తర్వాత తిట్టుకోవచ్చు. ఈ ఊళ్ళో కేకకి పలకని ఇల్లు లేదు.

మా ఇల్లు దక్షిణం కొస. మా గుమ్మానికి అవతలే నీళ్ళలో పాత కరెంటు స్తంభాలున్నాయి. మునిగిన ఊరికి ఇంకా కరెంటు ఇద్దామని నిలబడినట్టుంటాయి. పాటుకి తలలు కనపడతాయి, పోటుకి దాక్కుంటాయి. పడవ తగిలిందంటే అడుగు చీరేస్తాయి. ఇటుగా వచ్చేవాడికి మా ఇంటి గొంతే హద్దు. అది వినపడితే పక్కకి తిప్పుకుంటాడు. వినపడకపోతే ఇటంతా ఖాళీ నీళ్ళే అనుకుని వేగంగా వస్తాడు.

పరీక్ష రోజు మార్చమని ఊరంతా కలిసి పలకకి మొరపెట్టుకున్నాం. ఊరందరి తరఫునా మాట్లాడే పని నాకిచ్చారు. విషయమంతా వివరంగా చెప్పా.

బహుళ తదియకి జవాబు వచ్చింది. అది కూడా ఈ పేజీలోనే చేర్చమంటున్నా. 'మంచు వలన గట్టుపై పరీక్షకు ఎటువంటి అంతరాయమూ ఉండదని నిర్ధారించుకున్నాము. మీ శ్రద్ధకు ధన్యవాదాలు.'


బహుళ నవమి.

షష్ఠి నాడు మంగతాయి ఇంట్లో కూర్చున్నాం, పరీక్ష పిల్లలున్న ఇళ్ళవాళ్ళందరం. ఆమె కొడుకు రంగ కూడా రాస్తున్నాడు. మా వరస మొత్తం అట్టాంటి ఇళ్ళే, పిల్లల్లేని ఇల్లు ఒక్కటీ లేదు.

"ఆ ఒక్క పూట ఉత్తరాన ముసలాళ్ళ ఇళ్ళున్నాయిగా బాబాయ్, వాళ్ళు పలుకుతార్లే," అంది మంగతాయి. "వాళ్ళ గొంతు ఇక్కడి పలకలకి అందదు."

"అందదు కాబట్టే భయం అమ్మాయ్. వచ్చేవాడు ఊరంతా ఉత్తరానే ఉందనుకుంటాడు. ఇటు స్తంభాల మీదకి వస్తాడు."

"ఆ రోజే మంచు దిగాలని ఉందా? దిగినా ఆ పూటే ఎవడో తప్పిపోవాలని ఉందా?"

"లేదు."

"మరి?"

"మరేం లేదు. భయం నా స్వభావం అనుకో."

ఎవరూ నవ్వలేదు. నాగమల్లి పరీక్ష రోజు సెలవు పెట్టి చిన్న పడవలో స్తంభాల దగ్గర కాపలా ఉంటానంది. ఉండి ఏం చెయ్యాలి? అక్కణ్ణుంచి అరిస్తే మా పలకకి వినపడతది. నాగమల్లి గొంతు దానికి తెలుసు. పోనీ డబ్బా కొట్టమంటే కొడతది. అయినా సెలవు అడిగింది. కోత ముమ్మరంగా ఉందని ఇవ్వలేదు. మిగతా కోతవాళ్ళకీ అంతే, ఉత్తరాన ముసలాళ్ళు మంచులో ఇంత దూరం తెడ్డు వెయ్యలేరు.

డబ్బా మాట బాగానే తోచింది. మర్నాడు పాటులో స్తంభాలు తలలు బయటపెట్టినప్పుడు వెళ్ళి, ఒక్కోదానికి నాలుగేసి రేకు డబ్బాలు తాడుతో కట్టొచ్చా. గాలికి, అలకి గలగలమంటన్నాయి. మంగతాయి కిటికీలోంచి చూసి, "పెళ్ళివారు దిగినట్టుంది బాబాయ్," అంది. ఆ రెండు రోజులు నేనే ఇంజినీర్నని తిరిగా.

మూడో రోజు తెల్లారి మంచు దిగింది. అప్పుడు గుర్తొచ్చింది. మంచు దిగేది గాలి లేనప్పుడే. సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. డబ్బాలు ఒక్కటంటే ఒక్కటి కదల్లేదు. పెళ్ళివారు నిద్రపోయారు.


బహుళ చతుర్దశి.

రేపే. పిల్ల అన్నీ ఒప్పు చెబుతోంది. చెట్టు కింద నిలబడుతోంది, గొడుగు వేసుకుంటోంది, రైలెక్కి ఊళ్ళు తిరుగుతోంది. నాకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఊరికే ఎదురుగా కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకోవడం సాధన చేశా. అది కూడా సరిగ్గా రావట్లేదని అంకాలు నవ్వింది. నా చేతులు మాట్లాడతాయంట.


అమావాస్య.

ఈ రోజు దినచర్య మీరు అడక్కుండానే చెబుతున్నా. తర్వాత మీరు అడుగుతారని తెలుసు.

మంచు. గుమ్మంలో నిలబడితే గుమ్మమే కనపడలేదు. నాగమల్లి వెళ్ళేటప్పుడు పిల్ల తల మీద చెయ్యి పెట్టబోయి, చెయ్యి గరుకని మణికట్టుతో నిమిరింది. "బాగా రాయి," అంది. మంచులోకి పోయింది.

పలక వెలిగింది. అంకాలు రాస్తోంది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకున్నా. ఊరు ఊరంతా గొంతు నొక్కినట్టుంది. పక్కింట్లో రంగ కుర్చీ కిర్రుమనడం వినపడుతోంది. సగం పైనే అయిపోయింది. పిల్ల మొహంలో తొందర లేదు, భయం లేదు. పైకే పోతది అనుకున్నా.

అప్పుడు వినపడింది. చాలా దూరంగా.

"ఎవరన్నా ఉన్నారా?"

ఉత్తరం నుంచి ముసలాళ్ళు పలికారు. "ఉన్నాం..." సన్నగా, దూది చుట్టినట్టు. అంకాలు కలం ఆగింది. నావైపు చూసింది. నేను కదల్లేదు. మళ్ళీ రాసింది.

కాసేపటికి తెడ్ల చప్పుడు. రెండో కేక, ఈసారి దగ్గరగా, ఇటు దక్షిణం పక్క. వాడి గొంతులో భయమేం లేదు. ఊరు ఉత్తరాన ఉందని తెలిసిపోయింది కదా, ధైర్యంగా చుట్టి వస్తున్నాడు.

"ఇటు ఎవరన్నా ఉన్నారా?"

ఎవరూ లేరు. మా ఇల్లు లేదు, మంగతాయి ఇల్లు లేదు, వరసలో ఒక్క ఇల్లు లేదు. పోటు మీదుంది సముద్రం. స్తంభాలు మునిగి ఉన్నాయి. డబ్బాలు నిద్రపోతున్నాయి. తెడ్లు ఇంకా జోరుగా పడుతున్నాయి.

నేను నోరు తెరిచా. గాలి లోపలికి పోయింది గానీ బయటికి రాలేదు. ఒక పక్క నాగమల్లి చేతులు, ఒక పక్క వాడి తెడ్లు. ఏదో ఒకటి చెయ్యాల్సిన మనిషిని నేనే. ఏదీ చెయ్యలేదు. అంకాలు నన్నే చూస్తోంది. కళ్ళతో 'రాయి' అన్నా. అన్నాను, రాసుకోండి.

పిల్ల కలం కింద పెట్టింది. దొర్లిపోకుండా జాగ్రత్తగా పలక అంచుకి ఆనించి పెట్టింది. గుమ్మం దాకా నడిచి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచింది.

"ఉన్నాం!"

పలక తేనె గొంతుతో, "రెండో గొంతు నియమం ఉల్లంఘన. మీ పరీక్ష ముగిసింది. సహకరించినందుకు ధన్యవాదాలు," అంది.

అది పూర్తికాకముందే పక్కింట్లోంచి రంగ. "ఉన్నాం!" వాళ్ళ పలక ధన్యవాదాలు చెప్పింది. ఆ పక్కింట్లోంచి ఇంకో పిల్ల. అట్టా వరస చివరిదాకా. ఒక కేక, ఒక ధన్యవాదం. ఒక కేక, ఒక ధన్యవాదం. పెద్దవాళ్ళం ఒక్కళ్ళం కూడా ముందు అరవలేదు. పిల్లలందరి పేపర్లూ మూసుకున్నాక మేమూ అరిచాం. అప్పుడు మాకు ఖర్చు లేదు మరి.

తెడ్లు ఆగాయి. పడవ పక్కకి తిరిగిన చప్పుడు వినపడింది.

కొంచెం సేపటికి మా గుమ్మానికి ఒక పడవ మూతి తగిలింది. ఉల్లిపాయల పడవ. గురవయ్య అని, గట్టు నుంచి తెచ్చి పల్లెపల్లెకీ అమ్ముకుంటాడు. మనిషి మహా కోపంగా ఉన్నాడు.

"ఏం బాబాయ్, ఊరు ఊరంతా చచ్చారా? గొంతులు తాకట్టు పెట్టుకున్నారా? ఇంకో నాలుగు తెడ్లేస్తే స్తంభానికి గుచ్చుకుని పోయేవాణ్ణి! నా ఉల్లిపాయలన్నీ సముద్రంపాలు!"

"కాస్త పనిలో ఉన్నాం గురవయ్యా."

"మనిషి పోతుంటే పలకలేనంత పనేంటో! నేనింకెప్పుడూ ఈ ఊరికి రాను." అని పడవ కట్టేసుకుని తూకం తీశాడు. ఆడవాళ్ళు కొనుక్కోవడానికి వచ్చారు. వాళ్ళ మొహాలు చూసి అతనికి అనుమానం వచ్చింది. అంకాలు వైపు చూసి, "పిల్ల ఎందుకట్టా ఏడుస్తంది?" అన్నాడు.

"నువ్వు ఉల్లిపాయలు తెచ్చావుగా," అన్నా.

అతను వెళ్ళాక పిల్లని దగ్గరికి తీసుకుని అడిగా. "మీ నాన్న అనుకున్నావా?"

"నాన్న గొంతు నాకు తెలీదా తాతా? నాన్న కాదని తెలుసు."

చొక్కా కొసతో దాని మొహం తుడిచా.

నాగమల్లి వచ్చింది. విషయం దారిలోనే ఎవరో చెప్పారు. వచ్చి పిల్ల ఎదురుగా కూర్చుంది. తిడతదనుకున్నా, ఏడుస్తదనుకున్నా. "అన్నం తిన్నావా?" అంది.


పుష్య శుద్ధ సప్తమి. విచారణ.

పలకలో ఒక కుర్రాడు కనపడ్డాడు. విచారణ అధికారి. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. అతని వెనక కిటికీ, కిటికీలో పచ్చగా ఒకటి. అంకాలు నా చొక్కా లాగి గుసగుసగా, "తాతా, అది చెట్టా? వాన వస్తే నిలబడేది దాని కిందేనా?" అంది.

"నాంచారయ్య గారూ, మీ వరసలో ఇళ్ళన్నీ ఒకే సమయంలో ఒకే మాట అరిచాయి. 'ఉన్నాం'. ఇది ఏ ప్రశ్నకి జవాబు?"

చెప్పా. మంచు, కేక, స్తంభాలు, గురవయ్య, ఉల్లిపాయలు, అన్నీ చెప్పా. అడ్డం రాకుండా విన్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు కూడా.

"నాకు అర్థమైంది సార్. నిజంగా అర్థమైంది. కానీ ఇక్కడ ప్రశ్న నంబరు వెయ్యాలి. ఒకటి నుంచి నలభై వరకే ఉన్నాయి."

"ఎవరన్నా ఉన్నారా అని అడిగాడు బాబూ. ఆ ప్రశ్నకి."

"అది పేపర్లో లేదు సార్."

"లేదు."

"నంబరు లేకపోతే ముందుకి పోదు. సహకరించలేదని పడుతుంది. అది ఇంకా ప్రమాదం."

"అరిచింది నేనని రాసుకోండి. మాస్టారి తప్పు అని. పిల్లకి ఇంకో అవకాశం ఇవ్వండి."

"గొంతు పిల్లదని వచ్చింది సార్. నేను మార్చలేను." నిజంగానే మార్చలేడు. ఆ మొహం నాకు తెలుసు, అద్దంలో రోజూ చూసుకునేదే.

అంకాలు ముందుకి వంగింది. "పద్నాలుగు వెయ్యండి."

"ఎందుకమ్మా?"

"పద్నాలుగోది నాకు రాలేదు. అది కాపీ అనుకున్నా పోయేదేం లేదు."

కుర్రాడికి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాడు. మళ్ళీ మొహం సర్దుకుని పద్నాలుగు వేశాడు.

తర్వాత తెలిసింది, మంగతాయి మూడు వేయించిందంట. ఇంకొకళ్ళు ముప్పై ఒకటి. ఎవరికి రానిది వాళ్ళు. ఇప్పుడు ఒకే మాట ఇన్ని ప్రశ్నలకి జవాబు ఎట్టా అయిందో తేల్చడానికి గట్టు మీద కమిటీ వేశారు. అది తేలేలోపు పిల్లలందరూ గీత కింద ఉన్నట్టే లెక్క. ఎప్పుడు తేలుతదని కుర్రాణ్ణి అడిగా. చెట్టు వైపు చూశాడు.


పుష్య శుద్ధ త్రయోదశి.

నాచు కోత పడవ రేపు పొద్దున్నే వస్తది. పని బట్టలు ముందే పంపారు. తలగుడ్డ, నడుముకి కట్టుకునే తాడు, చేతి తొడుగులు. పిల్లలకి వేరే కొలత ఉండదంట, అందరికీ ఒకటే. దేశం మొత్తం ఒకటే.

అంకాలు తొడుక్కుని చూసింది. తొడుగుల వేళ్ళు దాని వేళ్ళకంటే పొడుగు, చివర్లు వేలాడుతున్నాయి. చేతులు గాల్లో ఊపి మమ్మల్ని నవ్వించబోయింది. కత్తెరా సూదీ తెచ్చి, కొలతకి కోసి కుడదామని కూర్చున్నా. నాకు వచ్చిన పని అదొక్కటే మిగిలింది.

నాగమల్లి నా చేతిలోంచి కత్తెర తీసేసుకుంది.

"కొయ్యొద్దు నాన్నా. ఎదుగుతదిగా," అంది.